వంద రూపాయలు, యాభై ఏళ్లు

ఆదోని కొండల మీది గుండ్లను చూస్తే ఎవరో పనిగట్టుకొని పేర్చారనిపిస్తుంది. పేర్చింది నీళ్లు. నేల అడుగున గ్రానైటు పగుళ్లలోకి దిగిన నీరు ముందు రాతి మూలలను, అంచులను తినేస్తుంది. గరుసుగా మారిన ఆ భాగం వానలకు కొట్టుకుపోయాక, లోపలి గట్టి గుండ్లు ఒకదానిమీద ఒకటి మిగులుతాయి. ఈ రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అది గట్టిపడేనాటికి గాలిలో ఆక్సిజన్ దాదాపు లేదు. విశ్వానికి 1,380 కోట్ల ఏళ్లనుకుంటే, అందులో ఆరో వంతుకు పైగా ఈ గుండ్ల ఖాతాలోదే.

వాటి పక్కన మన లెక్కలు మరీ కురచ. ఆదోని, ఎమ్మిగనూరు పొలాలకు దిగువ కాలువ ద్వారా నీళ్లిచ్చే తుంగభద్ర డ్యాం 1953లో పూర్తయింది. అప్పట్లో 133 టీఎంసీలు పట్టేది. పూడిక చేరి ఇప్పుడు 105 టీఎంసీలకు దిగింది. 2024 ఆగస్టు 10 రాత్రి గొలుసు తెగి 19వ నంబరు గేటు కొట్టుకుపోయింది. తెగడం ఒక్క రాత్రి పనే గానీ, గేట్ల వయసు అప్పటికే డెబ్బై దాటింది.

పూడిక, తుప్పుల సంగతి తెలియక కాదు, మరమ్మతు పని వాయిదా పడేది. ఎప్పుడో వచ్చే డబ్బుకు ఇవాళ్టి విలువ కట్టేందుకు ఆర్థికవేత్తలు వడ్డీని వెనక్కి లెక్కిస్తారు. ఏటా 8 శాతం చొప్పున చూస్తే, యాభై ఏళ్ల తర్వాత తప్పే వంద రూపాయల నష్టానికి ఇవాళ్టి విలువ రెండు రూపాయల చిల్లర. దానికోసం ఈ ఏడాది బడ్జెట్లో పది రూపాయలు ఎవరు పెడతారు? అదే 3 శాతమైతే విలువ 23 రూపాయలకు చేరుతుంది, పని లాభసాటి అయిపోతుంది. డ్యాం మారలేదు, నష్టమూ మారలేదు.

పత్తి రైతు సంగతి ఇంకా కఠినం. నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. పదేళ్ల తర్వాత వచ్చే వంద అతనికి ఇవాళ పన్నెండు రూపాయల లోపే. చేనికి చెరువు మట్టి తోలడం, గట్లు వేయడం ఆ లెక్కలో ఎప్పటికీ గిట్టుబాటు కావు. పత్తిని ఆదోని మార్కెట్టుకు తెచ్చిన రోజే, ఆ రోజు ధరకే అమ్ముకోవాలి. రైతులకు ముందుచూపు లేదని ఉపన్యాసాలిచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అతని లెక్క సరిగ్గానే ఉంది, వడ్డీయే ఎక్కువ.

అప్పు ఒత్తిడి తగ్గితే లెక్కా మారుతుంది. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టారు. సంఘమే నూలిచ్చి బట్ట తీసుకుంటే, ఈ వారం కూలికోసం నేతగాడు షావుకారు గడప తొక్కే పని తగ్గుతుంది. కొడుకును మరో ఏడాది బడిలో ఉంచాలా, మగ్గం ఎక్కించాలా అన్నది అప్పుడే అతని చేతిలోకి వస్తుంది.