తెర మీద తెలుగు

ఎమ్మిగనూరులో డిజైను అంటే చీర అంచు. మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘం నెలకొల్పిన ఊరు కదా, అక్కడ చిన్నపిల్లలకు కూడా పడుగు పేకల సంగతి తెలుసు. ఇవాళ విశ్వవిద్యాలయాలలో బోధిస్తున్న డిజైను మరొకటి ఉన్నది. దానికి పువ్వులూ లతలూ అక్కరలేదు. యంత్రం ముందు నిలుచున్న మనిషికి ఎక్కడ వేలు పెట్టాలో తనంతట తనకు తెలియాలి. పెట్టిన తరువాత పని జరిగిందో లేదో యంత్రం చెప్పాలి. దీనికే ఇంటరాక్షన్ డిజైన్ అనీ, హ్యూమన్ కంప్యూటర్ ఇంటరాక్షన్ అనీ పెద్ద పేర్లు.

తెలుగు ఎం.ఏ. చదివి ఆదోనిలో పాఠాలు చెప్పుకునే నాకు దీనితో ఏం పని అంటారేమో. మా కాలేజీలో కంప్యూటరు చెప్పే మిత్రుడు, విద్యార్థులు గీసిన తెర బొమ్మలలో తెలుగు చూసిపెట్టమని నన్ను పిలిచాడు. రెండేళ్లయింది, ఇంకా ఆ తరగతి వదలలేదు.

అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968 డిసెంబరు 9న మౌసును నలుగురి ముందు పెట్టి చూపించాడు. ఈ చదువుకు పాఠ్యప్రణాళిక ఎలా ఉండాలో ఎ.సి.ఎం. అనే కంప్యూటరు విద్వాంసుల సంఘం 1992లో ప్రకటించింది. మన దేశంలో బొంబాయి ఐఐటీలో డిజైన్ కేంద్రం 1969లోనే వెలసింది. మనం ఓటు వేసే యంత్రానికి రూపం దిద్దినది ఆ కేంద్రంవారే. తయారుచేసే రెండు సంస్థలలో ఒకటి మన హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. మీట నొక్కగానే పేరు పక్కన ఎర్రదీపం వెలుగుతుంది, కూత వినబడుతుంది, కాగితపు చీటీ ఏడు సెకన్లు కనబడుతుంది. చదువురాని అవ్వ కూడా నా ఓటు పడిందని ధీమాగా బయటికి వస్తుంది. మా మిత్రుడు మొదటి పాఠం దీనితోనే మొదలుపెడతాడు.

రెండో పాఠం తరగతిలో జరగదు. పిల్లలు తెరలను కాగితం మీద గీసుకుని ఆదోని మార్కెట్ యార్డుకు వెళ్లాలి. పత్తి తెచ్చిన రైతు చేతికి ఆ కాగితం ఇచ్చి, ఇదే ఫోను అనుకోమనాలి. ఇక అక్కడినుంచి నోరు మెదపకూడదు. ఆయన వేలు ఎక్కడ ఆగిందో, మొహం ఎప్పుడు ముడుచుకున్నదో రాసుకోవాలి. నోరు మూసుకుని కూర్చోవడం మన పిల్లలకు ఎంత కష్టమో, పక్కన కూర్చుంటేగాని తెలియదు సుమా!

మొదటిసారి వెళ్లినప్పుడు కాగితం అడుగున 'సమర్పించు' అని ఉన్నది. ఒక పెద్దాయన దాన్ని రెండుసార్లు కూడబలుక్కుని, "ఎవరికి సమర్పించల్లప్పా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. మన ఊళ్లలో సమర్పించేది దేవుడికి, అదీ తలనీలాలు. ఇంగ్లీషు మాటకు నిఘంటువులో దొరికిన తెలుగు మాట అతికిస్తే ఇంతే. 'పంపండి' అని మార్చారు.

'రద్దు' సంగతి నవ్వులాటగా పోలేదు. పింఛను వివరాలు చూసుకునే తెర గీసింది ఒక అమ్మాయి. ఎమ్మిగనూరులో ఒక అవ్వ ఆ మాట దగ్గరకు రాగానే వేలు వెనక్కి లాక్కున్నది. రేషను కార్డు రద్దు, పింఛను రద్దు అని విన్న మాట కదా! "నాకు సదువు రాదు తల్లీ, నాతోని కాదు" అని కాగితం తిరిగి ఇచ్చేసింది. తప్పు అవ్వది కాదు, గీసినవాళ్లదని చెప్పడానికే ఈ శాస్త్రం పుట్టింది. డొనాల్డ్ నార్మన్ 1988లో ఒక పుస్తకం రాసి, తలుపు తియ్యడం రాకపోతే మనిషిని కాదు, తలుపును అనుమానించమన్నాడు. ఆ అమ్మాయి మర్నాడు 'రద్దు' తీసేసి 'వద్దు' అని రాసుకుని మళ్లీ వెళ్లింది. అవ్వ ధైర్యంగా వేలు పెట్టింది. ఒక్క అక్షరం తేడా. నెలనెలా పింఛను మీద బతికే మనిషికి ఆ అక్షరం చిన్నది కాదు.

మగ్గం దగ్గర మరొక చిక్కు వచ్చింది. గుంటలో కూర్చున్న నేతగాడికి కాళ్లూ చేతులూ రెండూ ఖాళీ ఉండవు. తెర ఎంత అందంగా గీసినా ఆయన చూడడు. "మగ్గం సప్పుడు మారితే దారం తెగిందని తెలుస్తాది సార్, మీ ఫోను కూడా అట్ల సెప్పల్ల" అన్నాడొకాయన. దుకాణాలలో డబ్బు అందిందని తెలుగులో పలికే పెట్టెలు ఉన్నాయి కదా, ఆ దారినే పిల్లలు ఇప్పుడు ఆలోచిస్తున్నారు.

నాకు బాగా నచ్చిన పాఠం 'స్వరచక్ర'. బొంబాయి ఐఐటీవారే 2013లో తెచ్చిన మీటల పలక అది. 'క' మీద వేలు పెడితే చుట్టూ చక్రంలాగా కా, కి, కీ వస్తాయి; కావలసిన వైపు వేలు జరిపితే చాలు. పలక మీద దిద్దుకున్న గుణింతమే ఫోనులోకి వచ్చింది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టడానికి అలవాటు పడిన మా పిల్లలు పెదవి విరిచారు గాని, గుణింతాలు మాత్రమే వచ్చిన వాళ్ల అమ్మలకు అది చప్పున పట్టుబడింది.

ప్రస్తుతం తగాదా 'నొక్కండి' మీద నడుస్తున్నది. పుస్తకాల తెలుగులో నొక్కడం. మా వైపు ఒత్తడం. మొదట్లో ఒకడు 'నొక్కుము' అని కూడా రాశాడు, దాన్ని నేనే కొట్టేశాను. పెద్దవాళ్లకు యంత్రమైనా సరే మర్యాదగానే చెప్పాలి. మిగిలిన రెండు మాటలతో రెండు కాగితాలు తయారయినాయి. ఎమ్మిగనూరులో 'ఒత్తండి' నెగ్గింది. ఆదోనిలో తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ వినబడే బజారు. అక్కడికి వచ్చే వారం వెళుతున్నారు.