పేరు విప్పితే... జబ్బు తెలుస్తుంది!

ఎక్స్‌రే రిపోర్టులో ఆ మాట కనిపిస్తే, ఇంట్లో చదువుకున్న పిల్లల చేతికి కాగితం వెళుతుంది. ‘ఏంది బిడ్డా ఇది?’ అని పెద్దాయన అడుగుతాడు. పిల్లలు కూడబలుక్కుని చదువుతారు... న్యుమోకోనియోసిస్‌! చదవడం అయితే అయింది, అర్థం మాత్రం కాలేదు. మంచిర్యాల జిల్లా రామకృష్ణాపూర్‌ లాంటి సింగరేణి ఊళ్లలో ఈ ఒక్క మాటకు అర్థం తెలియడం పాండిత్యం కాదు, అవసరం.

పలకడానికి అది ఆరు ముక్కలు: న్యు-మో-కో-ని-యో-సిస్‌. అర్థానికి మూడే. గ్రీకులో ‘న్యుమోన్‌’ అంటే ఊపిరితిత్తి. ‘కోనిస్‌’ అంటే దుమ్ము. ‘ఓసిస్‌’ జబ్బుపడిన స్థితిని చెప్పే ప్రత్యయం. మరి ‘యో’ ఎక్కడిదంటారా? మా+అమ్మ ‘మాయమ్మ’ అయినట్టే కోని+ఓసిస్‌ మన నోట ‘కోనియోసిస్‌’ అయింది. బడిలో చదువుకున్న యడాగమమే! మొత్తం కలిపితే, ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరి వచ్చే జబ్బు. ఆ దుమ్ము రాళ్లలోని సిలికాది అయితే అదే సిలికోసిస్‌.

ఇంటి మాటలే చాలు

నెదర్లాండ్స్‌లోని లింబర్గ్‌లోనూ 1974 దాకా బొగ్గుగనులు నడిచాయి. డచ్చి భాషలో ఈ జబ్బును ‘స్టోఫ్‌లాంగ్‌’ అంటారు. స్టోఫ్‌ అంటే దుమ్ము, లాంగ్‌ అంటే ఊపిరితిత్తి. గ్రీకు రాకున్నా విన్నవెంటనే తెలిసిపోతుంది. న్యుమోనియా వాళ్లకు ‘లాంగ్‌ఒంట్‌స్టేకింగ్‌’, అంటే ఊపిరితిత్తి వాపు. పంక్తి చివర చోటు చాలక మాటను విరిచినా ‘లాన్‌-గొంట్‌’ అని రాయకూడదు. రెండు మాటల మధ్య హద్దు చెరిగితే అర్థమూ చెరుగుతుంది మరి!

మన ‘ఊపిరితిత్తి’ మాత్రం తక్కువ తిన్నదా? ఊపిరి+తిత్తి. కొలిమి దగ్గర గాలి ఊదే తోలుతిత్తే శరీరంలోనూ ఉందన్నారు పెద్దలు.

తిత్తి బిగుసుకుంటే...

సన్నటి దుమ్ము గాలిగదుల దాకా వెళ్లి పేరుకుపోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ అక్కడ మచ్చలు కడతాయి. సాగాల్సిన తిత్తి బిగుసుకుంటుంది. మొదట్లో ఏ బాధా ఉండకపోవచ్చు. తర్వాత దగ్గు, ఆయాసం. మచ్చకట్టిన భాగాన్ని మళ్లీ మామూలుగా మార్చే మందు లేదు. అందుకే దుమ్ము లేవకుండా నీళ్లు చల్లడం, గనిలో గాలి ఆడేలా చూడటం, మాస్కు కట్టుకోవడం, నిర్ణీత కాలాల్లో ఛాతీ ఎక్స్‌రే తీయించుకోవడం... ఇవే రక్ష.

ఇంకో చిక్కు. దీన్ని క్షయగా పొరబడే అవకాశం ఉంది. సిలికా దుమ్ము పీల్చినవారికి నిజంగానే క్షయ ముప్పూ ఎక్కువే. కాబట్టి రిటైరై ఎన్నేళ్లయినా, ఆయాసమని ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఏ బాయిలో, ఏ పని, ఎన్నేళ్లు చేశారో డాక్టరుకు చెప్పాలి.

ఈసారి పెద్దాయన ‘ఏంది బిడ్డా ఇది?’ అని అడిగితే పిల్లలు తడుముకోనక్కర్లేదు. ‘దుమ్ముపట్టిన ఊపిరితిత్తి, తాతా’ అంటే చాలు. మిగతాది ఆయనకే బాగా తెలుసు!