ఇంటిని చల్లబరచుటకు ముందు

నెల్లూరు జిల్లాలోని మైపాడు, కృష్ణపట్నము వంటి గ్రామములకు సముద్రము చేరువనే ఉన్నది. వేసవిలో పలుదినములు మధ్యాహ్నము దాటగనే సముద్రపు గాలి వీచును. అయినను మే మాసపు రాత్రులలో డాబా ఇండ్లలో నిద్రపట్టక జనులు చాపలు తీసికొని ఆరుబయటకు పోవుట మనము ఎరిగినదే. బయట గాలి చల్లబడినను గది ఏల చల్లబడదు?

ఈ ప్రశ్నకు సమాధానము తెలిసికొనకయే పలువురు డబ్బు వెచ్చింతురు. ఒకరు ఏ.సి. కొందురు, ఒకరు కప్పుపై తెల్లరంగు వేయింతురు, మరియొకరు కప్పు క్రింద పలకలు బిగింపజేయుదురు. ఇవన్నియు మంచి సాధనములే. కాని ఏ ఇంటికి ఏది తగునో, ఏది ముందు చేయవలెనో ఆ ఇంటిని పరీక్షించినగాని తెలియదు. సముద్రతీరమున పరీక్ష లేక చేసిన పని డబ్బుకు మాత్రమే కాక, ఒక్కొక్కప్పుడు కప్పుకే చేటు తెచ్చును.

వేడి ఎటు నుండి వచ్చును?

నెల్లూరు సుమారు 14½ డిగ్రీల ఉత్తర అక్షాంశమున ఉన్నది. అందుచే ఏప్రిల్ చివరి దినములలో ఒకసారి, ఆగస్టు నడుమ మరియొకసారి మిట్టమధ్యాహ్నపు సూర్యుడు సరిగా నడినెత్తిపైకి వచ్చును. ఈ రెండు తేదీల మధ్యకాలమున సూర్యుడు దినమంతయు ఉత్తరపు వైపుననే ఉండును. కావున మే మాసమున దక్షిణపు గోడపై ఎండ నేరుగా పడదు. ఆ గోడకు నీడ కల్పించి మే మాసపు వేడి తగ్గునని ఆశించుట వ్యర్థము. అప్పుడు ఎండ దెబ్బ తినునవి ముఖ్యముగా కప్పు, సాయంకాలము పడమటి గోడ.

కప్పు నుండి ఎంత వేడి దిగునో ఒక చిన్న లెక్క చూతము. కాంక్రీటు స్లాబు మందము 12 సెంటీమీటర్లు అనుకొందము. స్లాబు పైభాగమునకు, గదిలోని గాలికి ఒక డిగ్రీ తేడా ఉన్నచో ఒక చదరపు మీటరు గుండా సుమారు 4 వాట్ల వేడి దిగును. గది వైశాల్యము 20 చదరపు మీటర్లు, స్లాబు పైభాగము 60 డిగ్రీలు, గది 35 డిగ్రీలు అనుకొన్నచో 25 × 20 × 4 = 2000 వాట్లు. అనగా వేయి వాట్ల హీటర్లు రెండు గదిలో వెలిగించినట్లే! వెల్ల వేసి పైభాగమును 45 డిగ్రీలకు తగ్గింపగలిగినచో ఇది 800 వాట్లకు పడిపోవును.

అయితే ఈ వేడి వెంటనే దిగదు. కాంక్రీటు పగటి వేడిని తనలో నిలువ చేసికొని, కొన్ని గంటల తరువాత క్రిందికి వికిరణము చేయును. పొద్దుగ్రుంకిన పిమ్మట గది ఉడుకుటకు ఇదియే కారణము. 2018లో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ నివాసగృహములకై వెలువరించిన ‘ఎకో నివాస్ సంహిత’ ప్రకారము, బయటి గాలి నుండి గదిలోని గాలికి కప్పు గుండా చదరపు మీటరునకు, డిగ్రీకి 1.2 వాట్లకు మించి వేడి ప్రసరింపరాదు. అదే విధముగా కొలిచినచో వట్టి స్లాబునకు ఇది సుమారు 3.5 వాట్లు.

కొలిచి చూచు విధము

ఇందుకు జ్వరము చూచు థర్మామీటరు పనికిరాదు. ప్రయోగశాలలోని థర్మామీటరు కావలెను. దాని బుడ్డిని కప్పు అడుగుభాగమునకు ఆనించి, పైన దూది కప్పి, కొన్ని నిముషములు ఉంచి చదువవలెను. అట్లే పడమటి గోడ లోపలి ముఖమును, గదిలోని గాలిని కొలువవలెను. మధ్యాహ్నము మొదలు రాత్రి పది వరకు గంటకొకసారి వ్రాసికొన్నచో సంగతి తెలియును. కప్పు మిక్కిలి వేడిగా ఉన్నచో మొదటి ఖర్చు కప్పుకే. గోడ వేడిగా ఉన్నచో దానికి నీడ కావలెను. రెండును గాలితో సమానముగా ఉండియు ఉక్క పోయుచున్నచో గాలి ఆడుట లేదని అర్థము. అగరువత్తి వెలిగించి కిటికీల వద్ద పట్టినచో పొగ ఎటు పోవునో చూచి గాలి దారి కనుగొనవచ్చును.

రెండవ థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి విసిరినచో అది తక్కువ డిగ్రీలు చూపును. పడమటి పొడిగాలి వీచునప్పుడు ఈ తేడా ఎక్కువ. సముద్రపు గాలి వీచునప్పుడు స్వల్పము. తేడా స్వల్పమైనచో నీటితో పనిచేయు కూలరు వలన ప్రయోజనము తక్కువ.

విద్యుత్తు బిల్లులను గూడ ఒక సంవత్సరమునకు చూడవలెను. జనవరి, మే మాసముల యూనిట్ల తేడాయే ఇంచుమించు చల్లదనమునకు మనము చెల్లించు వెల. పాత పంకా సుమారు 75 వాట్లు, నేటి బి.ఎల్.డి.సి. పంకా సుమారు 30 వాట్లు వాడును. దినమునకు 12 గంటలు తిరిగినచో ఒక్క పంకా వలన నెలకు 16 యూనిట్లు మిగులును.

ఉప్పుగాలి చేయు చేటు

ఇంతవరకు చెప్పినది ఏ ఊరికైనను వర్తించును. తీరమున మరియొక పరీక్ష తప్పనిసరి. సముద్రపు గాలిలోని క్లోరైడులు కాంక్రీటులోనికి చొచ్చి, లోపలి ఇనుప చువ్వలపైనున్న రక్షణ పొరను చెరచును. తేమ, ఆక్సిజను తోడై చువ్వ తుప్పు పట్టును. తుప్పు, తాను పుట్టిన ఇనుముకంటె రెండింతలకు పైగా చోటు ఆక్రమించును. అందుచే కాంక్రీటు పగిలి పెచ్చులు ఊడును.

కప్పు అడుగున గోధుమరంగు చారలున్నవా? చువ్వ వెంబడి నెరియలున్నవా? కర్రతో తట్టినచో డొల్ల చప్పుడు వచ్చునా? అనుమానమున్న చోట మూరెడు పాలిథిన్ కాగితమును అంచులు మూసి అతికించి ఒక దినము ఉంచవలెను. కాగితము లోవైపున నీటి బిందువులు కనబడినచో తేమ స్లాబు నుండియే వచ్చుచున్నది. ఇట్టి కప్పు క్రింద పలకలు బిగించినచో చల్లదనము కొంత కలుగును గాని, ఊడబోవు పెచ్చు కంటికి కనబడదు. ముందు ఇంజనీరుకు చూపి మరమ్మతు చేయించి, తరువాతనే మిగిలిన పనులు తలపెట్టవలెను. కప్పు ఆస్బెస్టాస్ రేకులదైనచో దానిని కోయరాదు, రంధ్రములు చేయరాదు. ఆ నూలుపోగుల వంటి ధూళి ఊపిరితిత్తులకు హానికరము.

1989 నవంబరులో తీవ్రమైన తుపాను కావలి సమీపమున తీరము దాటినది. నెల్లూరు ప్రాంతమున కట్టడములకు లెక్కింపవలసిన గాలివేగము భారతీయ ప్రమాణముల ప్రకారము సెకనుకు 50 మీటర్లు, అనగా గంటకు 180 కిలోమీటర్లు. నీడ కొరకు మిద్దెపై రేకుల పందిరి వేయువారు అది ఈ గాలికి నిలుచునా అని విచారింపవలెను.

పరీక్షకు కాలము

ఈ జిల్లాకు ఈశాన్య ఋతుపవనముల వలననే ఎక్కువ వర్షము. కావున తేమను నవంబరు, డిసెంబరులలోను, వేడిని ఏప్రిల్, మే మాసములలోను చూడవలెను. మరమ్మతులకు, వెల్లకు ఫిబ్రవరి, మార్చి అనుకూలము.

ఉన్నత పాఠశాల విద్యార్థులు ఒక ప్రయోగము చేయవచ్చును. ఒకే విధమైన రెండు గదులలో ఒకదాని కప్పుపై మాత్రమే వెల్ల వేసి, వారము దినములు రెండింటిని కొలిచి పట్టిక వ్రాయవలెను. పిట్టగోడ లేని కప్పుపైకి పిల్లలు ఎక్కరాదు, పెద్దలు తోడుండవలెను. ఒక డబ్బా సున్నము, రెండు థర్మామీటర్లు, ఒక నోటుపుస్తకము చాలును. వేల రూపాయల ఖర్చుకు పూనుకొను తలిదండ్రులకు ఆ పట్టిక, దుకాణదారుని మాటకంటె నమ్మదగిన సలహా కాగలదు.