సాక్‌కు ముందు రెండున్నర సెకన్లు

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో జట్లు కాలేజీ కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమమే డ్రాఫ్ట్. 2022 ఏప్రిల్‌లో లాస్ వేగస్‌లో జరిగిన డ్రాఫ్ట్‌లో మొదటి అవకాశం జాక్సన్‌విల్ జాగ్వార్స్‌ది. మిషిగన్ విశ్వవిద్యాలయానికి ఆడుతూ అంతకుముందు సీజన్‌లో 14 సాక్‌లు చేసి, ఆ విశ్వవిద్యాలయం రికార్డు తిరగరాసిన ఏడెన్ హచిన్‌సన్ వాళ్ల ముందే ఉన్నాడు. అతణ్ని కాదని జార్జియా విశ్వవిద్యాలయం కుర్రాడు ట్రావన్ వాకర్‌ను తీసుకున్నారు. వాకర్ ఆ సీజన్‌లో చేసినవి ఆరు సాక్‌లే. అయితే 272 పౌండ్ల మనిషి 40 గజాలను 4.51 సెకన్లలో పరిగెత్తాడు. చేతుల పొడవు ముప్పై అయిదున్నర అంగుళాలు. హచిన్‌సన్‌ను రెండో ఎంపికగా డెట్రాయిట్ లయన్స్ అందుకుంది.

ఒకడు చేసి చూపించినవాడు, ఇంకొకడు చేయగలడని ఆశ పుట్టించినవాడు. వీళ్లలో ఎవరిమీద పందెం కాయాలి? ఎన్ఎఫ్ఎల్ జట్ల కార్యాలయాల్లో డేటా నిపుణులకు కుర్చీలు వేసి మరీ అడుగుతున్న ప్రశ్నల్లో ఇదొకటి. ఆదివారం పూట పిల్లలు టీవీ ముందు కేకలు పెడుతుంటే, వాళ్లు దేనికి అరుస్తున్నారో అర్థం కాని అమ్మానాన్నలకు కూడా ఈ లెక్క వెనక కథ నచ్చుతుంది.

సాక్ చెప్పేదెంత, దాచేదెంత

ముందు ఆట సంగతి. బంతి విసిరే ఆటగాడు క్వార్టర్‌బ్యాక్. అతను విసిరేలోగా అతణ్ని చేరుకోవడం పాస్ రషర్ పని. అంచున నిలబడి పరిగెత్తుకొచ్చేవాణ్ని ఎడ్జ్ రషర్ అంటారు. దారిలో మూడు వందల పౌండ్ల పైచిలుకు టాకిల్ అడ్డం నిలుస్తాడు. చాలా ఆటల్లో బంతి రెండున్నర, మూడు సెకన్లలో చేయి దాటిపోతుంది. అది జరగకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొడితే సాక్. ఆటగాళ్ల సాక్‌లను ఎన్ఎఫ్ఎల్ అధికారికంగా లెక్కపెట్టడం 1982లో మొదలుపెట్టింది. అప్పటి నుంచి రషర్ ఘనతను చెప్పడానికి అందరూ వాడే అంకె అదే.

చిక్కేమిటంటే సాక్ అరుదు. కాలేజీ సీజన్‌లో ఒక కుర్రాడు 350 సార్లు రష్‌కు వెళ్లి 10 సాక్‌లు చేశాడనుకుందాం. అంటే నూటికి మూడు కూడా కాదు. రెండు సాక్‌లు అదృష్టం కొద్దీ అటో ఇటో అయినా అతని ర్యాంకు తారుమారవుతుంది. పైగా ఆ సాక్ ఒక్కడి కష్టం కాదు. వెనక కాపలా కాసేవాళ్లు రిసీవర్లను కట్టిపడేస్తే, ఎవరికి విసరాలో తోచక క్వార్టర్‌బ్యాక్ బంతిని పట్టుకునే ఉంటాడు. రెండో వైపు నుంచి సహచరుడు తరిమితే నేరుగా ఇతని చేతుల్లోకి వచ్చి పడతాడు. క్రికెట్‌లో ఒక బౌలర్ పరుగులివ్వకుండా బిగిస్తే, విసిగిపోయిన బ్యాటర్ అవతలి బౌలర్‌కు వికెట్ సమర్పించుకోవడం మనం చూడనిదా!

అందుకే విశ్లేషకులు ఒక మెట్టు వెనక్కి వెళ్లారు. సాక్ ఒక్కటే కాకుండా, క్వార్టర్‌బ్యాక్‌ను తాకినవీ, కంగారుపెట్టి తొందరగా విసిరించినవీ కలిపి ప్రెషర్‌గా లెక్కించారు. ప్రెషర్లు సాక్‌ల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ జరుగుతాయి కాబట్టి లెక్కలో అదృష్టం వాటా తగ్గుతుంది. ఆ తర్వాత ఇంకో మెట్టు వెనక్కి వెళ్లి, అడ్డగించినవాణ్ని రషర్ దాటాడా లేదా అని చూశారు. ఈఎస్‌పీఎన్ వాడే పాస్ రష్ విన్ రేట్‌లో గీత రెండున్నర సెకన్ల దగ్గర ఉంటుంది. ఆలోగా బ్లాకర్‌ను దాటితే రషర్ గెలిచినట్టే. బంతి చేయి దాటిపోయి సాక్ దక్కకపోయినా ఆ గెలుపు అతని ఖాతాలోనే పడుతుంది.

వడపోత కూడా అవసరమే. రన్ ఆడబోతున్నట్టు భ్రమపెట్టి విసిరిన ఆటలు, పట్టీపట్టగానే పక్కకు తోసేసే స్క్రీన్ పాస్‌లు లెక్కలో ఉంటే రషర్ నైపుణ్యం తేలదు. వాటిని తీసేసి, టాకిల్, రషర్ ఎదురెదురుగా తలపడ్డ ఆటలనే వేరు చేసి చూస్తారు. ప్రత్యర్థి ఎవరన్నదీ కలుపుతారు. చిన్న కాన్ఫరెన్స్‌లో బలహీనమైన టాకిల్స్‌పై సాధించిన విజయానికీ, రేపు ఎన్ఎఫ్ఎల్‌కు వెళ్లబోయే టాకిల్‌పై సాధించిన విజయానికీ ఒకే మార్కు వేయలేం కదా.

గడియారం ముందు పరీక్ష

ఏటా ఫిబ్రవరి ఆఖరుకు ఇండియానాపోలిస్‌లో జరిగే కంబైన్‌లో కుర్రాళ్ల ఒళ్లు కొలుస్తారు, పరుగులు తీయిస్తారు. టీవీలో మోగిపోయేది 40 గజాల పరుగు. కానీ ఎడ్జ్ రషర్‌ను అంచనా వేసేవాళ్లు త్రీ కోన్ డ్రిల్ మీద కూడా కన్నేసి ఉంచుతారు. ఎల్ ఆకారంలో అయిదేసి గజాల దూరంలో మూడు కోన్లు పెడతారు. మొదట రెండో కోన్ దాకా వెళ్లి వెనక్కి, మళ్లీ ముందుకు ఉరికి, దాని చుట్టూ మలుపు తిరిగి, మూడో కోన్‌ను చుట్టి మొదటికి రావాలి. వేగం తగ్గకుండా, ఒళ్లు నేలకేసి వంచి తిరగగలిగినవాడికే మంచి సమయం వస్తుంది. టాకిల్ భుజం కిందనుంచి వంగి క్వార్టర్‌బ్యాక్ వైపు మలుపు తిరగడానికి కావలసిందీ అదే.

ఇక్కడే హచిన్‌సన్ మళ్లీ గుర్తుకు రావాలి. అతని చేతులు 32 అంగుళాలకు కాస్త ఎక్కువ, స్కౌట్లు పెదవి విరిచే కొలత. కానీ త్రీ కోన్‌ను 6.73 సెకన్లలో ముగించాడు. 260 పౌండ్ల మనిషికి అది అబ్బురం. కాబట్టి అతణ్ని ఒట్టి గణాంకాల వీరుడిగా, వాకర్‌ను ఒట్టి దేహదారుఢ్యంగా విడదీయడం తప్పు. కొలతలు ఇద్దరికీ ఉన్నాయి. ఏ కొలత ఏ పనికి పనికొస్తుందన్నదే తేడా.

ఫుట్‌బాల్ అవుట్‌సైడర్స్ కోసం నేథన్ ఫార్స్టర్ తయారుచేసిన సాక్‌సీర్ ఈ రెండు రకాల ఆధారాలనూ కలిపిన తొలి నమూనాల్లో ఒకటి. కంబైన్ అంకెలను, కాలేజీ సాక్‌ల రేటును కలిపి, ఆటగాడు మొదటి అయిదు సీజన్లలో ఎన్ని సాక్‌లు చేయవచ్చో అంచనా కట్టేది. కాలేజీలో రషర్ అడ్డుకున్న పాస్‌లను కూడా తర్వాత లెక్కలో చేర్చారు. విసిరిన బంతికి చేయి అడ్డం పెట్టగలగడం ఎంతోకొంత చురుకుకు గుర్తు.

తప్పిన లెక్కలు

2008లో న్యూయార్క్ జెట్స్ ఆరో ఎంపికగా వెర్నన్ గోల్‌స్టన్‌ను తీసుకుంది. ఒహాయో స్టేట్‌లో ఒకే సీజన్‌లో 14 సాక్‌లు. కంబైన్‌లో 225 పౌండ్ల బరువును 37 సార్లు ఎత్తాడు. చరిత్రా ఉంది, దేహమూ ఉంది. ఎన్ఎఫ్ఎల్‌లో మూడు సీజన్లు ఆడి ఒక్క సాక్ కూడా చేయలేదు.

దీనికి అవతలి కొసన డేనియెల్ హంటర్ ఉన్నాడు. లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయం (ఎల్ఎస్‌యూ)లో మొత్తం కలిపి నాలుగున్నర సాక్‌లే. 40 గజాలు 4.57 సెకన్లలో పరిగెత్తాడు. డ్రాఫ్ట్ నాటికి వయసు ఇరవయ్యే. 2015లో మిన్నెసోటా వైకింగ్స్ మూడో రౌండ్‌లో, 88వ ఎంపికగా తీసుకుంది. 2018లో పద్నాలుగున్నర, 2019లో మళ్లీ పద్నాలుగున్నర సాక్‌లు చేశాడు. 50 సాక్‌లు పూర్తిచేసిన అతి పిన్న వయస్కుడు అయ్యాడు. వయసును లెక్కలో కలపాలని విశ్లేషకులు పట్టుబట్టేది ఇందుకే. ఇరవై ఏళ్లవాడి నాలుగు సాక్‌లనూ, ఇరవై మూడేళ్లవాడి నాలుగు సాక్‌లనూ ఒకే గాటన కట్టకూడదు.

నమూనాలకు మరో రెండు బలహీనతలున్నాయి. కంబైన్‌కు పిలుపు అందుకునేవాళ్లంతా అప్పటికే జల్లెడ దాటిన దేహాలు. వాళ్ల మధ్య తేడాలు సన్నబడి, కొలతకూ ఫలితానికీ ఉన్న సంబంధం అసలున్నదానికంటే బలహీనంగా కనిపిస్తుంది. రెండోది, తనకు కలిసిరాని పరీక్షను ఆటగాడు ఎగ్గొట్టవచ్చు. ఆ ఖాళీ గడి ఊరికే ఖాళీగా ఉండదు, దానిలోనూ ఒక సమాచారం ఉంటుంది. సగటు వేసి నింపేస్తే ఆ సమాచారం పోతుంది.

సెకనులో పదో వంతు

ఎన్ఎఫ్ఎల్ ఆటగాళ్ల భుజాల ప్యాడ్లలో ఉండే చిప్‌లు వాళ్లు ఎక్కడున్నదీ సెకనుకు పదిసార్లు చెబుతాయి. 2021 సీజన్ తొలి ఎనిమిది వారాల సమాచారంతో క్వాంగ్ గుయెన్, రొనాల్డ్ యుర్కో, గ్రెగరీ మాథ్యూస్ ‘స్ట్రెయిన్’ అనే కొలతను రూపొందించారు. ఒత్తిడికి లోనైన పదార్థం ఎంత వేగంగా రూపు మారుతోందో చెప్పే శాస్త్రం నుంచి ఆలోచన తీసుకున్నారు. లెక్క తేలికే. క్వార్టర్‌బ్యాక్‌కు రషర్ దగ్గరవుతున్న వేగాన్ని ఇద్దరి మధ్య దూరంతో భాగించాలి. ఆరు గజాల దూరంలో సెకనుకు మూడు గజాల వేగంతో దగ్గరవుతుంటే విలువ 0.5. అదే వేగంతో రెండు గజాల దూరానికి వచ్చేసరికి 1.5. సాక్ జరిగిందా, ప్రెషర్ రాశారా అని ఎవరినీ అడగనక్కర్లేదు. ప్రతి ఆటలో, ప్రతి పదో వంతు సెకనుకూ ఒక అంకె దొరుకుతుంది. సాక్‌ల కరువు తీరిపోతుంది.

కాలేజీ ఆటల్లో ఇంత సూక్ష్మమైన సమాచారం బయటివాళ్లకు దొరకదు. అందువల్ల కుర్రాళ్ల అంచనాలో వీడియో చూసే స్కౌట్ ఇప్పటికీ తప్పనిసరి. వాకర్ ఆరు సాక్‌ల దగ్గరే ఆగింది చేతకాకనా, చేయమన్న పని వేరు కావడం వల్లనా? జార్జియా డిఫెన్స్ నుంచి ఆ ఏడాది అయిదుగురు మొదటి రౌండ్‌లో ఎంపికయ్యారు. అంతమంది మధ్య వాకర్‌ను చాలాసార్లు లోపలి వరుసలోకి దింపి రన్ ఆపే పని అప్పగించారు. ఈ సంగతి పట్టికలో కనిపించదు, వీడియోలో కనిపిస్తుంది. తర్వాత ఏమైంది? తొలి రెండు సీజన్లలో హచిన్‌సన్ తొమ్మిదిన్నర, పదకొండున్నర సాక్‌లు చేశాడు. వాకర్ మూడున్నరతో మొదలై రెండో ఏడు పదికి చేరాడు. చేసి చూపించినవాడు వెంటనే ఫలితమిచ్చాడు, ఆశ పుట్టించినవాడు కాస్త ఆలస్యంగా ఇచ్చాడు.

అసలు ప్రశ్న ఎవరు గొప్ప అన్నది కాదు, ఎవరికి ఎంత ధర అన్నది. కేడ్ మాసీ, నోబెల్ గ్రహీత రిచర్డ్ థేలర్ డ్రాఫ్ట్ ఎంపికలను పరిశీలించి, జట్లు పైవరుస ఎంపికలకు అతిగా ధర కడుతున్నాయని తేల్చారు. ఒకే స్థానంలో ఆడుతూ ఒకరి తర్వాత ఒకరు ఎంపికైన ఇద్దరిలో ముందువాడు రెండోవాడి కంటే మెరుగ్గా ఆడే అవకాశం, బొమ్మాబొరుసు కంటే కాస్తే ఎక్కువ. 2019లో రైడర్స్ నాలుగో ఎంపికను క్లెలిన్ ఫెరెల్‌పై ఖర్చుపెట్టింది. అదే డ్రాఫ్ట్‌లో 106వ ఎంపికగా ఈస్టర్న్ మిషిగన్ నుంచి మాక్స్ క్రాస్బీని తీసుకుంది. అతని త్రీ కోన్ 6.89 సెకన్లు. తొలి సీజన్‌లో ఫెరెల్ నాలుగున్నర సాక్‌లు చేస్తే, క్రాస్బీ 10 చేశాడు. క్రాస్బీ స్టార్ అవుతాడని ఏ నమూనా ప్రమాణం చేసి చెప్పలేదు. నాలుగో రౌండ్ ధరకు అతను చవక అని చెప్పగలిగితే చాలు.

డేటా సైన్స్ చదువుతున్న మన పిల్లలకు ఇందులో చేయదగ్గ పని ఉంది. ఎన్ఎఫ్ఎల్ ఏటా బిగ్ డేటా బౌల్ పేరుతో చిప్‌ల సమాచారాన్ని విడుదల చేసి పోటీ పెడుతుంది. 2023 పోటీ అంశం పాస్ రష్, దాన్ని అడ్డుకునే లైన్‌మెన్. పాల్గొన్నవారిలో పలువురు జట్లలో ఉద్యోగాలు సంపాదించారు. మొదలుపెట్టేవాళ్లు పదేళ్ల కిందటి డ్రాఫ్ట్‌ను తీసుకుని, వయసు, త్రీ కోన్, కాలేజీ సాక్‌ల రేటు మాత్రం ఉంచి, పేర్లు దాచి ర్యాంకులు వేసి చూడండి. ఆ తర్వాతే పేర్లు విప్పండి. గోల్‌స్టన్ లాంటివాడు పైన, హంటర్ లాంటివాడు కింద తేలితే నమూనాను అప్పటికప్పుడు వాళ్లకు సరిపడేలా సవరించకండి. ఇంకో అయిదేళ్ల డ్రాఫ్ట్‌లపై పరీక్షించి, అప్పుడు మార్చాలో వద్దో తేల్చుకోండి.