బుర్రకు బరువు తగ్గించే యాప్ ఏది?

మీ ఇల్లు బోయిగూడలో అనుకుందాం. నాన్నగారికి గాంధీ ఆసుపత్రిలో చెకప్, అమ్మకు పరగడుపున థైరాయిడ్ మాత్ర, పాప స్కూల్ ఫీజు, కరెంటు బిల్లు... ఇవన్నీ బుర్రలోనే తిరుగుతుంటే రాత్రి కంటికి కునుకెలా పడుతుంది?

అమెరికాలోని బేలర్ యూనివర్సిటీ పరిశోధకులు 57 మంది యువతపై చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. పడుకునే ముందు 5 నిమిషాలు చేయాల్సిన పనులు రాసుకున్నవారు, అయిపోయిన పనులు రాసినవారి కన్నా సుమారు 9 నిమిషాలు ముందే నిద్రపోయారు. అదీ కాగితం మీద రాసి! కాబట్టి ఖరీదైన యాప్ అక్కర్లేదు. అవసరాన్ని బట్టి ఎంచుకోండి.

* వేళ తప్పకూడని మాత్రలకు: ఫోన్ అలారం చాలు.

* డాక్టర్ అపాయింట్‌మెంట్, పరీక్షలు, బిల్లులకు: గూగుల్ క్యాలెండర్. ఒకరోజు ముందే గుర్తుచేసేలా పెట్టుకోండి.

* ఇంటిల్లిపాదీ చూడాల్సిన వాటికి: గూగుల్ కీప్‌లో ఉమ్మడి జాబితా. ఇన్సులిన్ ఇచ్చినవారు వెంటనే తేదీ, వేళ రాసి టిక్ పెట్టాలి. ఒకరికి తెలియకుండా మరొకరు ఇస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. టిక్ లేదని ఇచ్చేయకండి, ముందు అడగండి.

* ఫోన్ అలవాటు లేని పెద్దలకు: వంటింటి గోడ క్యాలెండరే మేలు.

ఒకే పనిని నాలుగు యాప్‌లలో రాయొద్దు. నోటిఫికేషన్లు ఎక్కువైతే అసలైనదే కంటపడదు. ఎంచుకున్నదాన్ని రెండు వారాలు వాడి చూడండి. రోజూ తెరవాలనిపించకపోతే మార్చేయండి. మాత్ర మరిచిపోతే మాత్రం రెండోసారి రెట్టింపు వేసుకోకుండా డాక్టర్‌ను అడగండి.