మారుపేర్ల ఊరు

కథ తెలిసినవారికి ఊహించవలసిన పని లేదు. స్నోవైట్ విషపు ఆపిలు కొరుకుతుందనీ, రాకుమారుడు వచ్చి ఆమెను మేల్కొలుపుతాడనీ పాశ్చాత్య దేశాలలో పసిపిల్లలు సైతం ఎరుగుదురు. అట్టి కథలనే తీసుకొని, తరువాత ఏమగునో అని పెద్దలు వారాల తరబడి తర్కించుకొనేటట్లు చేసిన టెలివిజన్ ధారావాహిక 'వన్స్ అపాన్ ఎ టైమ్'. అనగా మన 'అనగనగా'. ఎడ్వర్డ్ కిట్సిస్, ఆడం హోరోవిట్జ్ అనే రచయితలు కల్పించిన ఈ కథ అమెరికాలో ఎ.బి.సి. సంస్థ ద్వారా 2011 అక్టోబరు నుండి 2018 మే వరకు ఏడు విడతలుగా ప్రసారమైనది.

దుష్టరాణి శపించగా, అద్భుత కథలలోని పాత్రలు మెయిన్ రాష్ట్రంలో స్టోరీబ్రూక్ అనే కల్పిత పట్టణంలో వచ్చి పడినవి. తామెవరో వారికి జ్ఞాపకం లేదు. స్నోవైట్ అక్కడ బడిపంతులమ్మ. గడ్డిని బంగారంగా వడికిన రంపిల్‌స్టిల్ట్‌స్కిన్ తాకట్టు వ్యాపారి. దుష్టరాణియే నగరాధ్యక్షురాలు. గడియార స్తంభంపై ముళ్లు ఎనిమిదింబావు వద్ద నిలిచిపోయినవి. పంతులమ్మ ఇచ్చిన కథల పుస్తకం చదివి, ఊరిలో ఎవరు ఎవరో కనిపెట్టినవాడు హెన్రీ అనే పదేండ్ల బాలుడొక్కడే. అతని మాట నమ్మినవారు లేరు. పెంచిన తల్లి అతనిని మనోవైద్యుని వద్దకు పంపినది!

ధారావాహిక చూచినవారు చేసినది ఆ బాలుడు చేసిన పనియే. కొత్త మనిషి తెరపై కనిపించగానే అతని పేరు, వృత్తి, నడక, మాటతీరు పరిశీలించి, ఇతడు ఏ కథలోనివాడని వాదించుకొన్నారు. డాక్టరు వేల్ సంగతి చూడండి. వేల్ అనగా తిమింగలం. పినోకియో కథ తెలిసినవారికి అందులోని తిమింగలం తోచుట సహజం. (నిజానికి తిమింగలం 1940 నాటి డిస్నీ చిత్రంలోనిది, కొల్లోడి మూలగ్రంథంలో ఉన్నది బ్రహ్మాండమైన సొరచేప.) 2012 అక్టోబరులో గుట్టు బయటపడినది. అతడు మేరీ షెల్లీ 1818లో ప్రచురించిన నవలలోని ఫ్రాంకెన్‌స్టైన్. ఆ నవలను 1931లో చలనచిత్రంగా తీసిన దర్శకుని పేరు జేమ్స్ వేల్.

ఆగస్ట్ బూత్ అనే ఆగంతకుని కథ ఇంతకంటె రసవత్తరమైనది. మోటారు సైకిలుపై, టైపు యంత్రంతో ఊరు చేరిన ఈ రచయిత తన పుట్టుపూర్వోత్తరాలు చెప్పలేదు. రంపిల్‌స్టిల్ట్‌స్కిన్ పోగొట్టుకొన్న కుమారుడు ఇతడే అని అభిమానులు ఊహించినారు. కథలో ఆ తండ్రి కూడ అట్లే భ్రమపడి, అతనిని కౌగిలించుకొని కంటతడి పెట్టినాడు. కాని ఆగంతకుని కాలు కొయ్యగా మారుచున్నది. అతడు పినోకియో. అబద్ధమాడి పట్టుబడినవాడు మరెవ్వడు కాగలడు?

ఎవరు ఎవరన్న ప్రశ్న ఇట్లు ఒక్కొక్కటిగా తీరినది. తీరని వివాదం మరొకటి ఉన్నది. హెన్రీని కన్న ఎమ్మా అతనిని దత్తత కిచ్చివేసినది; పసివాని నాటినుండి పెంచినది దుష్టరాణి. బిడ్డ ఎవరివాడు? ఆమె దుష్టురాలని పుస్తకంలో వ్రాసియున్నంత మాత్రాన ఆమె ప్రేమ అబద్ధమా? పాతకథను చెడగొట్టినారని ఆక్షేపించినవారికి గ్రిమ్ సోదరుల మాట గుర్తుచేయవచ్చును. 1812 ముద్రణలో స్నోవైట్‌ను చంపజూచినది కన్నతల్లియే. 1819 ముద్రణలో వారు ఆమెను సవతితల్లిగా మార్చినారు. రాకుమారుని ముద్దు సైతం వారి కథలో లేదు. పేటిక మోయువారు తొట్రుపడగా గొంతులోని ఆపిలు ముక్క బయటపడినది, అంతే.

ధారావాహికలో ముద్దు ఉన్నది, రాకుమారునిది మాత్రమే కాదు. 2012 మేలో, విషం తిన్న హెన్రీ నొసటిపై ఎమ్మా ముద్దు పెట్టగా అతడు లేచినాడు, ఊరి శాపం తొలగినది. ఆ విషాన్ని వండినది పెంచిన తల్లియే. 2014 ఏప్రిల్‌లో ఊరిపై మరొక శాపం పడియుండగా, హెన్రీ నొసటిపై ముద్దు పెట్టినది ఆ పెంచిన తల్లి. ఆ శాపమూ తొలగినది.