బాబు నీ దగ్గర లేడా?

పిల్లాణ్ని చూసుకునేవారు ఒక్కరే ఉన్నప్పుడు ఆ ఒక్కరూ కన్నార్పరు. పదిమంది ఉన్నప్పుడే అసలు చిక్కు. ఎవరికి వాళ్లు పక్కవాళ్లు చూస్తున్నారులే అనుకుంటారు. ఆ రెండు నిమిషాలే చాలు... బుడతడు మాయం!

జనవరి చివర్లో ఓ ఆదివారం సాయంత్రం. హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానం. ఇసకేస్తే రాలనంత జనం. అమ్మ లక్నో కుర్తీల దుకాణంలో బేరమాడుతోంది. నాన్న మిర్చిబజ్జీల దగ్గర చిల్లర కోసం నిలబడ్డాడు. నానమ్మ గాజుల కొట్టు ముందు రంగులు చూస్తోంది. బాబాయి ఫోన్లో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. బజ్జీల పొట్లంతో తిరిగొచ్చిన నాన్న అడిగాడు...

‘బాబేడీ?’

‘మీ దగ్గర లేడా?’

‘అమ్మ చెయ్యి పట్టుకున్నాడుగా!’

‘నా చెయ్యి విడిపించుకుని వీడి దగ్గరికే పరిగెత్తాడు కదరా!’

‘నా దగ్గరికా? వదినతో ఉన్నాడనుకున్నానే...’

పొట్లం కిందపడింది. నలుగురూ నాలుగు దిక్కులకు పరుగెత్తారు. రంగులరాట్నం, పీచుమిఠాయి బండి, బొమ్మల దుకాణం... ఎక్కడా లేడు. పావుగంట గడిచింది. అమ్మకైతే పావు యుగం. అప్పుడు మైకులో వినిపించింది... ‘ఎర్ర టీషర్టు వేసుకున్న మూడున్నరేళ్ల బాబు మా దగ్గర ఉన్నాడు. పేరడిగితే కన్నా అంటున్నాడు. నాన్న పేరడిగితే ‘ఏమండీ’ అంటున్నాడు. సంబంధీకులు వెంటనే రావాలి’.

వెళ్లేసరికి మహిళా కానిస్టేబుల్ ఒళ్లో కూర్చుని బిస్కెట్ మధ్యలోని క్రీము నాకుతున్నాడు ఆ ఏమండీగారబ్బాయి. అమ్మను చూడగానే మూతి ముడిచి ‘ఎక్కడికెళ్లిపోయారు మీరు?’ అని గదమాయించాడు. వాడి లెక్కలో తప్పిపోయింది వాడు కాదు, వాళ్లే! అందరూ నవ్వారు. అమ్మ ఒక్కతే నవ్వలేక ఏడ్చేసింది.

పిల్లలున్న ఏ ఇంటి తలుపు తట్టినా ఇలాంటి కథ ఒకటి దొరుకుతుంది. ఊరు మారుతుంది, చొక్కా రంగు మారుతుంది. ‘నీ దగ్గరున్నాడనుకున్నా’ అన్న మాట మాత్రం మారదు.

పదిమంది చేతి పాము

‘పదిమంది చేతి పాము చావదు’ అన్నారు పెద్దలు. కర్రలున్నవాళ్లు ఎక్కువైతే ఎవరూ కొట్టరు, పాము పుట్టలోకి పోతుంది. ఈ సామెతలోని సత్యాన్నే 1968లో న్యూయార్క్‌లో జాన్ డార్లీ, బిబ్ లటానే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రయోగంతో చూపించారు. విద్యార్థుల్ని విడివిడి గదుల్లో కూర్చోబెట్టి మైకుల ద్వారా మాట్లాడించారు. మధ్యలో ఒకరికి మూర్ఛ వచ్చినట్టు గొంతు వినిపించింది. ఆ గొంతు వింటున్నది తామొక్కరే అనుకున్నవాళ్లలో 85 శాతం మంది సాయానికి కదిలారు. తమతోపాటు ఇంకో నలుగురు కూడా వింటున్నారనుకున్న వాళ్లలో, బాధితుడి గొంతు ఆగిపోయేలోగా కదిలింది 31 శాతమే. వాళ్లు రాతిగుండె మనుషులేం కాదు. ‘ఎవరో ఒకరు చూస్తార్లే’ అన్న భరోసా వాళ్ల కాళ్లకు బంధం వేసింది.

మన ఇళ్లలో జరిగేదీ అదే. వారమంతా ఒంటరిగా పిల్లాణ్ని చూసుకున్న తల్లి, పుట్టింటికి వెళ్లగానే ‘అమ్మయ్య, అమ్మ ఉంది, చెల్లి ఉంది’ అని ఊపిరి పీల్చుకుంటుంది. అమ్మ ‘తల్లి ఉందిగా’ అనుకుంటుంది. చెల్లి ‘అమ్మమ్మ ఉందిగా’ అనుకుంటుంది. బుజ్జిది మాత్రం అందరి కళ్లూ దాటుకుని మేడమెట్లెక్కుతూ ఉంటుంది.

పెళ్లింట్లో చూడాలి!

ఇక పెళ్లిళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఎత్తుకుని ముద్దాడేవాళ్లు వందమంది. దింపాక ఎటు వెళ్లిందో చూసేవాళ్లు ఉండరు. ముహూర్తం దగ్గరపడి అందరి కళ్లూ మండపం మీదే ఉంటాయి. పిల్లలకేమో అక్షింతలకన్నా గాడిపొయ్యి మీద పొగలు కక్కే సాంబారు గుండిగే వింత. వడ్డన బల్ల మీది గుడ్డ కొస పట్టుకుని లాగితే ఏమవుతుందోనని వాళ్లకో సరదా. చెయ్యి కడుక్కునే చోట నీళ్ల డ్రమ్ము, మేడమీద పిట్టగోడ... దేన్నీ వదలరు.

ఒళ్లు కాలితే మన దగ్గర తలో సలహా సిద్ధంగా ఉంటుంది. టూత్‌పేస్టు రాయమనేవారొకరు, పసుపనేవారొకరు, సిరా అనేవారొకరు. ఏవీ రాయకూడదు. ఐసుముక్కలూ పెట్టకూడదు. కాలిన చోటును ఇరవై నిమిషాలపాటు ధారగా పడే మామూలు చల్లటి నీటి కింద ఉంచాలి. గాజులు, మురుగులు, మొలతాడు లాంటివి వాపు రాకముందే తీసేయాలి. చర్మానికి అంటుకుపోయిన బట్టను మాత్రం లాగకూడదు. పైన శుభ్రమైన పలుచటి గుడ్డ కప్పి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

నీళ్ల విషయంలో పెద్దలు పొరబడేది లోతు దగ్గర. చెరువంటే భయపడతారు, బకెట్‌ను లెక్కచేయరు. నడక నేర్చే వయసులో పిల్లలకు ఒంటితో పోలిస్తే తల బరువెక్కువ. తొంగిచూస్తూ తలకిందులుగా పడితే తిరిగి లేవలేరు. జానెడు నీళ్లు చాలు ప్రాణం మీదకు రావడానికి. పైగా సినిమాల్లోలా కేకలూ చప్పుళ్లూ ఏమీ ఉండవు. అందుకే, స్నానాలు కాగానే బకెట్లు బోర్లించే అలవాటు పసిపిల్లలున్న ఇంటికి శ్రీరామరక్ష.

ఇంట్లో... అటూ ఇటూ మధ్యన

బయటికి వెళితేనే ప్రమాదం అనుకుంటే పొరపాటు. ఆదివారం ఉదయం వంటింట్లో అమ్మకు కుక్కర్ కూతలు. హాల్లో తాతయ్య చేతిలో పేపరు (ఇదే అనుబంధం కూడా కావచ్చు!). మనవడు తాతయ్య దగ్గరున్నాడని కోడలి ధీమా. తల్లి దగ్గరికెళ్లాడని తాతయ్య నమ్మకం. మధ్యలో దొరికిన అయిదు నిమిషాల్లో వాడు చేయగలిగిన పనులు ఇవీ: స్నానాలగదిలో దూరి గడియ పెట్టుకోవడం. తలను స్టీలు బిందెలోనో వరండా గ్రిల్లులోనో దూర్చడం. ముక్కులో శనగగింజ పెట్టుకోవడం. రూపాయి బిళ్ల మింగడం.

గడియ సంగతికి మందు ముందే వేసుకోవచ్చు. పిల్లల చేతికందని ఎత్తులో గడియ బిగించుకుంటే సరి. లేదంటే బయట అమ్మ ఏడుపు, లోపల బుడతడి ఏడుపు, మధ్యలో వడ్రంగి!

ముక్కులో ఇరుక్కున్న పూస విషయంలో వైద్యులు వాడే ఓ ముచ్చటైన ఉపాయం ఉంది. దాని పేరు ‘అమ్మ ముద్దు’. 1965లో అమెరికాలోని న్యూజెర్సీకి చెందిన వ్లాదిమిర్ క్టిబోర్ అనే వైద్యుడు దీని గురించి రాశాడు. రెండో ముక్కురంధ్రాన్ని వేలితో మూసి, తల్లి తన నోటితో బిడ్డ నోటిని పూర్తిగా కప్పి ఒక్కసారి ఊదుతుంది. ఆ గాలికి పూస బయటికి వస్తుంది. పాత నివేదికలన్నీ కలిపి 2012లో పరిశీలిస్తే పదిమందిలో ఆరుగురికి ఇది పనిచేసినట్టు తేలింది. దీన్ని డాక్టరు ఎదుట, ఆయన చెప్పినట్టు చేయడమే మంచిది. హెయిర్‌పిన్నుతో, అగ్గిపుల్లతో కెలికితే మాత్రం పూస ఇంకా లోపలికి పోతుంది.

అన్నిటికన్నా భయపడాల్సింది బొమ్మల్లో, రిమోట్లలో, గడియారాల్లో ఉండే గుండీలాంటి చిన్న బ్యాటరీకి. అది అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలిపోవచ్చు. ముక్కులో ఇరుక్కున్నా ప్రమాదమే. ‘రేపు మలంలో వస్తుందేమో చూద్దాం’ అనుకోవడానికి వీల్లేదు. పిల్లాడు హుషారుగా ఆడుకుంటున్నా సరే, మింగాడన్న అనుమానం వస్తే చాలు, అప్పటికప్పుడు ఎక్స్‌రే సౌకర్యమున్న ఆసుపత్రికి పరుగెత్తాలి.

నాలుగేళ్లు నిండేదాకా పల్లీలు, బఠాణీలు, గుండ్రటి ద్రాక్షలు అలాగే చేతికివ్వొద్దు. పొడిచేసో ముక్కలు కోసో పెట్టాలి. ఏదైనా గొంతుకు అడ్డుపడినా గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వాలి. గొంతు పెగలక, ఊపిరాడక ముఖం రంగు మారుతుంటే మాత్రం క్షణం ఆగకూడదు. ఏడాదిలోపు బిడ్డనైతే ముంజేతిమీద తల కిందికి ఉండేలా బోర్లా పడుకోబెట్టి, వీపుమీద రెండు రెక్కల నడుమ అయిదుసార్లు గట్టిగా చరచాలి. అడ్డు తొలగకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యలో అయిదుసార్లు నొక్కాలి. ఏడాది దాటినవాళ్లకు వీపుమీద చరిచాక, వెనకనుంచి పట్టుకుని బొడ్డుకు పైన లోపలికీ పైకీ నొక్కాలి. అడ్డు తొలగేదాకా ఇవి మార్చి మార్చి చేస్తూ, మరొకరితో 108కి ఫోన్ చేయించాలి. కనిపించని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి వెతకకూడదు.

కారు దిగేటప్పుడూ అంతే. సామాన్లు మోసే హడావుడిలో వెనక సీట్లో నిద్రపోయిన చిన్నదాన్ని అమ్మ ఎత్తుకుందని నాన్న, నాన్న ఎత్తుకున్నాడని అమ్మ. ఎండలో నిలిపిన కారులో పెరిగే వేడిలో నాలుగింట మూడొంతులకు పైగా మొదటి అరగంటలోనే పెరుగుతుందనీ, అద్దాలు కాస్త దించి ఉంచినా పెద్దగా తేడా ఉండదనీ అమెరికా పరిశోధకులు 2005లో ప్రచురించారు. మన మే నెల ఎండకు అంతసేపు కూడా అక్కర్లేదు.

ఇప్పుడు డ్యూటీ ఎవరిది?

మరి పరిష్కారం? పిల్లల్ని ఇంట్లో కట్టేయలేం. ఎగ్జిబిషన్లు, జాతరలు, పెళ్లిళ్లు మానేయనూలేం. ఆ మాటకొస్తే మానేయకూడదు కూడా. కావాల్సింది చాలా చిన్న పని. బాధ్యతను నోటితో అప్పగించడం!

ఆసుపత్రిలో నర్సు డ్యూటీ దిగేటప్పుడు ఫలానా మంచం మీది రోగి సంగతి ఇదీ అని తరవాతి నర్సుకు చెప్పిగానీ కదలదు. బ్యాంకులో తాళంచెవి చేతులు మారితే సంతకం ఉంటుంది. ఇంట్లో అన్నిటికన్నా విలువైన ప్రాణిని మాత్రం కనుసైగతో వదిలేస్తాం. ‘నేను బజ్జీలకు వెళ్తున్నా, బాబు నీ దగ్గర’ అని నాన్న పైకి చెప్పాలి. ‘సరే, నా దగ్గర’ అని అమ్మ బదులివ్వాలి. బదులు రాకపోతే అప్పగించనట్టే లెక్క. డ్యూటీలో ఉన్నవాళ్లు ఫోను ముట్టుకోకూడదు. విసుగొస్తే ఇంకొకరికి అప్పగించవచ్చు. అందులో తప్పేమీ లేదు. పదినిమిషాలకోసారి మనిషి మారినా ఫర్వాలేదు, ఏ నిమిషంలోనైనా ఒక మనిషి ఉండటమే ముఖ్యం.

ఈ పద్ధతితో ఇంకో మేలూ ఉంది. ఏదైనా జరగ్గానే మన ఇళ్లలో మొదట వినిపించే మాట ‘నువ్వేం చేస్తున్నావ్?’. అది నూటికి తొంభైసార్లు తల్లినే తాకుతుంది. నలుగురూ చూడాల్సిన బిడ్డను నలుగురూ చూడకపోతే నింద ఒక్కరిమీద పడుతుంది. ఎగ్జిబిషన్ నుంచి తిరిగొస్తున్న ఆటోలో ఆ తల్లికి జరిగిందీ అదే. దారంతా ఆమె తలెత్తలేదు. ఒళ్లో ఉన్న బాబు మాత్రం అమ్మ కళ్లు తుడుస్తూ ‘నేను మళ్లీ పోనమ్మా’ అన్నాడు. తప్పు వాడిదేననుకున్నాడు పాపం! మాటల పంపకం ముందే జరిగి ఉంటే నిందల పంపకం అవసరమే ఉండదు.

బయల్దేరే ముందు...

* ఇంటినుంచి కదిలేటప్పుడు పిల్లల ఫొటో ఒకటి ఫోన్లో తీసుకోండి. తప్పిపోతే ఏ రంగు చొక్కా అన్నది కంగారులో గుర్తురాదు.

* చిన్నారి చేతిమీద పెన్నుతో మీ ఫోన్ నంబరు రాయండి. లేదా కాగితం మీద రాసి జేబులో పెట్టండి.

* మూడేళ్లు దాటిన పిల్లలకు అమ్మానాన్నల అసలు పేర్లు, ఊరు, ఫోన్ నంబరు పాటలా నేర్పించండి. ‘ఏమండీ’ చాలదు!

* ‘మేం కనిపించకపోతే ఉన్నచోటే నిలబడు. పోలీసునో, కొట్లో ఉన్నవాళ్లనో, పిల్లలతో ఉన్న అమ్మనో అడుగు. ఎవరితోనూ గేటు దాటకు’ అని ముందే చెప్పండి.

* తప్పిపోతే ముందు మైకు దగ్గరికి ఒకరు, గేటు దగ్గరికి ఒకరు వెళ్లాలి. ఒకరు ఉన్నచోటే ఉండాలి. పిల్లల సహాయానికి 1098, పోలీసులకు 112, రైళ్లలోనైతే 139.

* దొరికాక కొట్టకండి. ముందు దగ్గరికి తీసుకోండి. కొడతారన్న భయం ఉంటే ఈసారి పేరు కూడా చెప్పరు.

ఏడాది తిరిగింది. మళ్లీ జనవరి, మళ్లీ అదే మైదానం, అదే జనం. ఈసారి గేటు దగ్గరే నాన్న గట్టిగా ప్రకటించాడు ‘ఇప్పట్నుంచి బాబు నా దగ్గర’ అని. అమ్మ నిశ్చింతగా కుర్తీల దుకాణంలోకి నడిచింది. బుడతడు నాన్న భుజాలెక్కి కూర్చున్నాడు. ఇప్పుడు వాడికి నాన్న పేరు ఇంటిపేరుతో సహా వచ్చు. ఫోన్ నంబరు పదంకెలూ కంఠస్థం. పైనుంచి జనాన్నంతా ఓసారి కలియజూసి, వేళ్లమీద లెక్కపెట్టుకుని, నాన్న జుట్టు పట్టి లాగుతూ అడిగాడు...

‘నాన్నా, నానమ్మ నీ దగ్గర లేదా?’

అందరూ ఉలిక్కిపడి వెనక్కి చూశారు. నానమ్మ గాజుల కొట్టు దగ్గరే ఆగిపోయింది!